ఇసుక ధార, నీటి ధార

(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శిగారు నన్ను పిలిచి, "పాటలూ పద్యాలూ ఎట్లాగూ ఉన్నవి, పిల్లలకు పనికివచ్చే శాస్త్ర విషయం ఏదైనా కాసేపు చెప్పవయ్యా" అన్నప్పుడు నేను తటపటాయించిన మాట నిజం. నేను మెట్రిక్‌తో చదువు చాలించినవాణ్ణి. రైల్వేలో గుమాస్తాను. పొద్దుటినుంచి సాయంకాలం దాకా రిజిస్టర్లతో కాలక్షేపం చేసే మనిషికి శాస్త్రం ఎక్కడ దొరుకుతుంది? కాని నాకు కావలసిన విషయం మా ఇంటి గుమ్మంలోనే దొరికింది.

పండుగకు నాలుగు రోజుల ముందు మా అమ్మాయి వాళ్ళమ్మ దగ్గర ముగ్గు వేయటం నేర్చుకుంటున్నది. కాటన్‌పేట సందుల్లో గుమ్మాల సంగతి మీకు తెలియనిది కాదు. మూడడుగుల జాగా, దానిలోనే ఒక స్కూటరు. ఆ మిగిలిన చోటులో అది బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి పిండి వదులుతూ, ఉన్నట్టుండి తల ఎత్తి "నాన్నా, పిండి కూడా నీళ్ళలాగానే కారుతున్నది గదా, మరి పిండి గీతగా నిలుస్తుంది, నీళ్ళు ఎందుకు నిలవవు?" అని అడిగింది. నేను "నీళ్ళు నీళ్ళే, పిండి పిండే" అన్నాను. "అది జవాబు కాదు" అన్నది. నిజమే, అది జవాబు కాదు. ఆ రాత్రినుంచి మొదలుపెట్టి తెలిసిన పుస్తకాలు చూశాను. కాలేజీలో చదువుకునే మా మేనల్లుడి చేత ఇంగ్లీషు వ్యాసాలు కొన్ని చదివించుకుని అర్థం చెప్పించుకున్నాను. ఇంట్లో రెండు నేతి డబ్బాలు పాడుచేశాను. ఆ డబ్బాలే ఇవి.

రెండూ ఒకే కొలత. ఒకదానిలో సన్నగా జల్లించి బాగా ఎండబెట్టిన ఇసుక ఉన్నది. దాని అడుగున పెన్సిలు దూరేంత చిల్లు పెట్టాను. రెండోదానిలో నీళ్ళు. దీనికి సన్న మేకు దిగినంత చిల్లు చాలు. పెన్సిలంత చిల్లు పెడితే మీరు పది లెక్కపెట్టేలోగా నీళ్ళన్నీ ఖాళీ అవుతాయి. ఇప్పుడు కింద టీ గ్లాసులు ఒకదాని తరువాత ఒకటి పెడతాను. గ్లాసు నిండేదాకా పిల్లలు గట్టిగా లెక్కపెట్టాలి.

(ఇక్కడ ఇసుక డబ్బా చిల్లు తెరవగా, మొదటి గ్లాసుకు పిల్లలు పదహారు లెక్కపెట్టారు. రెండోదానికి పదహారు. మూడోదానికి పదిహేడు. లెక్కపెట్టే అబ్బాయి మధ్యలో నవ్వాడు. నాలుగోదానికి మళ్ళీ పదహారు. తరువాత నీళ్ళ డబ్బా తెరవగా వరుసగా పధ్నాలుగు, పదహారు, పందొమ్మిది, ఇరవై అయిదు.)

చూశారు గదా. డబ్బా సగం ఖాళీ అయినా, పావే మిగిలినా ఇసుక తన నడక మార్చుకోలేదు. నీళ్ళు మాత్రం పైన బరువు తగ్గుతున్నకొద్దీ నీరసించినవి. నీటి సంగతి 1644లోనే ఇటలీ దేశస్థుడు టోరిచెల్లీ చెప్పాడు. చిల్లుమీద నీటి ఎత్తు నాలుగోవంతుకు దిగితే ధార వేగం సగానికి దిగుతుంది. నీటిలో పైనున్న బరువంతా కిందివరకూ తెలుస్తుంది. పై అంతస్తు ట్యాంకు అడుగంటినప్పుడు మన కుళాయిల గతి ఏమవుతుందో ఇక్కడున్న తల్లులకు టోరిచెల్లీ చెప్పనక్కరలేదు.

ఇసుకలో అట్లా కాదు. గింజకూ గింజకూ రాపిడి ఉన్నది, గింజకూ డబ్బా గోడకూ రాపిడి ఉన్నది. పైనున్న బరువులో చాలా భాగం ప్రక్కలకు తిరిగి గోడలమీద వాలుతుంది. 1895లో జర్మనీలో యాన్సెన్ అనే ఇంజనీరు ధాన్యపు గాదెలకోసం ఈ లెక్క కట్టాడు. గాదె ఎంత ఎత్తు పోసినా ఒక హద్దు దాటిన తరువాత అడుగున ఒత్తిడి పెరగదన్నాడు. ఇంక చిల్లు దగ్గరి సంగతి. అక్కడ గింజలు పైవాటి తోపుడుతో రావు. చిల్లు వెడల్పెంతో దాదాపు అంత ఎత్తునుంచి మాత్రమే, పట్టు వదిలిన మామిడికాయ పడ్డట్టు, వాటంతట అవి పడతాయి. అందుకే పైన ఎంత ఇసుక ఉన్నా వాటికి ఒకటే. చిల్లు వెడల్పు రెండింతలు చేస్తే నీళ్ళు నాలుగు రెట్లు వస్తాయి. ఇసుక మాత్రం అయిదున్నర రెట్లకు పైగా వస్తుంది. దీన్ని 1852లో జర్మనీలో హాగెన్ గమనించాడు. 1961లో హాలెండులో బెవర్లూ అనే ఆయన రకరకాల గింజలు పోసి చూసి సూత్రంగా ఇచ్చాడు. చిల్లు మరీ చిన్నదై, గింజ వెడల్పుకు అయిదారింతలే ఉంటే గింజలు ఒకదానికొకటి దన్నుగా నిలిచి గుడి ద్వారంమీది కమానులా కట్టుకుంటాయి. ధార ఆగిపోతుంది. డబ్బాను తట్టితే మళ్ళీ కదులుతుంది. మా వీధిలో బియ్యం అమ్మే శెట్టిగారు బస్తాలోకి గొట్టం గుచ్చి మచ్చు తీసేటప్పుడు గొట్టాన్ని రెండుసార్లు వేలితో కొట్టడం చూశాను. ఎందుకని అడిగితే "కొట్టకపోతే రావు గదండీ" అన్నారు. అదే సూత్రం.

ఇంతకుముందే మీరు పంచాంగ శ్రవణంలో గడియలూ విఘడియలూ విన్నారు. గడియ అంటే ఇరవైనాలుగు నిమిషాలు. మన పెద్దలు దాన్ని గడియకుడుకతో కొలిచేవారు. అడుగున సన్న చిల్లు ఉన్న గిన్నెను నీటిమీద వదిలితే అది నిండి మునగటానికి పట్టే కాలం ఒక గడియ. కుండలోనుంచి నీళ్ళు కారే గడియారమైతే మొదట త్వరగానూ చివర మెల్లగానూ నడుస్తుంది. పడమటి దేశాలవాళ్ళ ఇసుక గడియారానికి ఆ బాధ లేదు. ఎందుకు లేదో ఇప్పుడు మీ పిల్లలు మీకు చెప్పగలరు.

సరే, చిల్లు దాటి బయటికి వచ్చిన ధార సంగతి చూద్దాము. కుళాయిని సన్నగా తిప్పండి. పైన గాజుకడ్డీలా నున్నగా ఉన్న ధార కిందికి పోయేసరికి ముడులు పడి చినుకులుగా తెగుతుంది. నీటికి చర్మం వంటిది ఒకటి ఉన్నది. బడి పుస్తకాలలో దాన్నే తలతన్యత అంటారు. ఆ చర్మం ఎప్పుడూ కుదించుకుపోవాలని చూస్తుంది. పొడుగాటి ధారకన్న గుండ్రటి చినుకులకు చర్మం తక్కువ సరిపోతుంది కాబట్టి ధార చినుకులవుతుంది. బెల్జియం దేశస్థుడు ప్లాటో దీన్ని పరిశోధించాడు. చూపు పూర్తిగా పోయిన తరువాత కూడా ఆయన ఇతరుల చేత ప్రయోగాలు చేయించి, వాళ్ళు చూసింది విని, 1873లో గ్రంథం ప్రకటించాడట. 1878లో ఇంగ్లండులో రేలీ ప్రభువు దానికి గణితం కట్టాడు.

ఇసుకకు చర్మం లేదు గదా, మరి ఇసుక ధార ఏం కావాలి? పొడుగ్గా పలచబడుతూ పోవాలి. కాని అట్లా జరగటం లేదు. 2009లో అమెరికాలో చికాగో విశ్వవిద్యాలయంవారు ఒక ఉపాయం చేశారు. అతివేగంగా బొమ్మలు తీసే కెమెరాను ఇసుక ధారతోపాటే కిందికి పడేటట్లు అమర్చారు. రైలులో కూర్చుంటే ప్రక్క రైలు నిలబడ్డట్టు కనిపించదూ? అట్లాగే ఆ కెమెరాకు ధార నిలబడినట్టే కనిపించింది. చూస్తే ఇసుక కూడా నీటిలాగే ముడులు పడి ముద్దలు ముద్దలుగా తెగుతున్నది! సన్నని రేణువుల మధ్య అతి స్వల్పమైన అంటు ఉన్నదని తేలింది. ఎంత స్వల్పమంటే, మామూలు ద్రవాల తలతన్యతతో పోల్చితే లక్షోవంతు. రాలిపోతున్న ఇసుకలో కూడా అంత సన్నని చుట్టరికం పనిచేస్తున్నదన్నమాట. ఈ మాట గుర్తు పెట్టుకోండి, దీనితో నాకు తరువాత పని ఉన్నది.

ఇప్పుడు కిందికి పడే ధారను వదిలి పైకి లేచే చిమ్ము సంగతి. చెరువులో గులకరాయి వేస్తే ఏమవుతుంది? రాయి మునిగినచోట నీటిలో గుంట పడుతుంది. నాలుగువైపులా ఉన్న నీళ్ళు ఆ గుంటను పూడ్చటానికి పరుగెత్తుకు వచ్చి మధ్యలో ఢీకొంటాయి. ప్రక్కకు పోవటానికి దారిలేక పైకి సన్నగా చిమ్ముతాయి. ఇంగ్లండులో వర్తింగ్టన్ అనే ఉపాధ్యాయుడు ఎన్నో సంవత్సరాలు ఈ చిమ్ములనే చీకటిగదిలో మెరుపు వెలుగుతో చూసి, ఫొటోలు తీసి, 1908లో పుస్తకం వేశాడు. అందుకే ఆ చిమ్ముకు ఆయన పేరే నిలిచింది.

ఇసుకలో గుండు వేస్తే? గుంట పడి ఊరుకుంటుందని మనం అనుకుంటాము. కాని బాగా సన్నని, వదులుగా ఉన్న ఇసుకలో బరువైన గుండు పడితే నీటిలో లేచినట్టే ఇసుక స్తంభం పైకి లేస్తుంది. 2001లో థొరాడ్సెన్, షెన్ అనేవారు దీన్ని వర్ణించి వ్రాశారు. 2004లో హాలెండులో లోజె బృందంవారు అడుగునుంచి గాలి ఊది ఇసుకను బూరుగుదూదిలా వదులుచేసి, గాలి ఆపి, గుండు వేసి చూపారు. అక్కడా గుంట కూలి మధ్యలో ఢీకొనటమే కారణం. 2005లో మళ్ళీ చికాగోవారే ఇసుక లోపల ఏమి జరుగుతున్నదో ఎక్స్‌రేతో చూశారు. అప్పుడు నీటికీ ఇసుకకూ తేడా తెలిసింది. మొదట సన్నని చిమ్ము, దాని వెనుకనే లావుపాటి చిమ్ము. ఆ లావుపాటిదాన్ని తోసేది ఇసుకలో చిక్కుకున్న గాలి. గాలి తీసివేసిన పాత్రలో ఇదే చేస్తే లావుపాటి చిమ్ము చిక్కిపోయి సన్నది మాత్రం మిగులుతుంది. అంటే మనం ఇసుక అని చూస్తున్నదానిలో సగం పని గాలిది.

నేను కూడా ఇంట్లో బకెట్టు ఇసుకలో గోలీ, తరువాత సైకిలు బేరింగు గుండు వేసి చూశాను. చిమ్ము లేవలేదు, గుంట మిగిలింది, గచ్చంతా ఇసుక మిగిలింది, ఇంటావిడ మాట కూడా మిగిలింది. బెంగుళూరులో ఇప్పుడు ఇళ్ళు కట్టేచోట దొరికేది చాలామటుకు రాయి కొట్టిన ఎం-శాండు. గరుకు, ముతక. వాళ్ళు వాడినవి ముగ్గుపిండంత సన్నని రేణువులు. ఆ ప్రయోగం మీకు చూపలేకపోయినందుకు క్షమించాలి.

ఇంతవరకూ పుస్తకాల మాట. ఇక నా డిపార్టుమెంటు మాట ఒకటి చెప్పి ముగిస్తాను.

రైలింజనుకు ఇసుక పెట్టెలు ఉంటాయని మీలో ఎందరికి తెలుసు? ఆవిరి ఇంజన్ల నాడూ ఉన్నవి, డీజిలుకూ ఉన్నవి, నేటి కరెంటు ఇంజన్లకూ ఉన్నవి. ఇనుప పట్టామీద ఇనుప చక్రం. పట్టా పొడిగా ఉంటే చక్రం పట్టు ఇంజను బరువులో మూడోవంతో నాలుగోవంతో ఉంటుంది. సన్నని తుంపర పడి మురికితో కలిసిందా, పదోవంతుకు కూడా దిగవచ్చు. సకలేశపురం నుంచి సుబ్రహ్మణ్య రోడ్డుకు పోయే ఘాటులో యాభై అడుగులకు ఒక అడుగు ఎత్తు. మన అరకు లోయ ఎక్కే దారి కూడా తక్కువదేమీ కాదు. అటువంటిచోట వానలో చక్రం ఉన్నచోటనే తిరగటం మొదలుపెడితే, డ్రైవరు, ఇప్పుడు లోకో పైలట్ అంటున్నారు, కాలికింద మీట నొక్కుతాడు. గట్టి గాలి పెట్టెలోని ఇసుకను గొట్టంగుండా తెచ్చి చక్రమూ పట్టా కలిసేచోట చిమ్ముతుంది. చూశారా, అది కూడా ఇసుకా గాలీ కలిసిన చిమ్మే.

ఆ ఇసుక ఎండి ఉండాలి. తడి ఇసుకలో గింజకూ గింజకూ మధ్య నీటి బొట్టు వంతెన కడుతుంది. నీటి చర్మం గింజలను దగ్గరికి లాగి పట్టుకుంటుంది. పిల్లలు తడి ఇసుకతో గుజ్జనగూళ్ళు కట్టేది దానివల్లనే. ఎండిన ఇసుకలో లక్షోవంతుగా ఉన్న ఆ చుట్టరికం చెంచాడు నీళ్ళతో ఇనుపసంకెల అవుతుంది. గొట్టంలో కమాను కట్టుకుంటుంది. గాలి బుస్సుమంటుంది, ఇసుక మాత్రం రాదు.

మాది గుంతకల్లు. మా నాన్నగారు రైల్వేలో ఖలాసీగా చేరి ఒక షెడ్డులో ఇసుక ఎండబెట్టే పనిలో ఉండేవారు. ఏ ఊరి షెడ్డో చెప్పను, అది అనవసరం. ఇసుక జల్లించటం, పొయ్యిమీద ఆరబెట్టటం, డబ్బాలతో ఇంజను పెట్టెల్లో పోయటం. చిన్నప్పుడు బళ్ళో "మీ నాన్న ఏం పని" అని అడిగితే "రైల్వే" అని ఊరుకునేవాణ్ణి. ఇసుక వేయిస్తాడని చెప్పటానికి నామోషీ. ఆయన పరీక్ష ఏమిటంటే, పొయ్యి దించిన ఇసుకను పిడికిట పట్టి జానెడు ఎత్తునుంచి వదిలేవారు. దారంలా కారితే సరి. తెగి తెగి పడితే మళ్ళీ పొయ్యిమీదికి. జానెడే ఎందుకు, ఇంకా ఎత్తునుంచి వదలకూడదా అని నేనొకసారి అడిగితే "ఎత్తునుంచి ఎండినదైనా తెగుతుందిరా" అన్నారు. చికాగోవారు కెమెరా పడవేసి చూసినదానికి దగ్గరి మాటే అది. ఆయనకు నాలుగో తరగతి దాకా చదువు.

ఒక వానాకాలం రాత్రి ఒక గూడ్సు ఘాటులో ఆగిపోయింది. ఇసుక పడలేదు. గొట్టాలలో తడి ఇసుక గడ్డకట్టి ఉన్నదని కాగితం వచ్చింది. తడి ఇసుక పోశావని నాన్నగారికి మెమో ఇచ్చారు. ఆయన "మన ఇసుక ఎండింది, ఆ పెట్టె మూత ఎవరు తీసి వేయలేదో" అని ఇంట్లో మా అమ్మతో మాత్రం అన్నారు. కాగితంమీద తెలుగులో సంతకం పెట్టి ఇచ్చారు. ఏడాది ఇంక్రిమెంటు ఆగింది. ఆ యేడే నేను మెట్రిక్ ప్యాసయ్యాను. కాలేజీ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నిజం చెప్పాలంటే, ఆయనే పొరబాటు చేసి ఉంటారని ఆ రోజుల్లో నేను కూడా అనుకున్నాను. తరువాత ఆరేళ్ళకు ఆయన సర్వీసులో ఉండగానే పోయారు. ఆయన పోయిన కారణంగా నాకు ఈ ఉద్యోగం ఇచ్చారు.

ఇప్పుడు ఈ డబ్బాలతో కూర్చున్న రాత్రుల్లో నాకు ఒక సంగతి తట్టింది. బండి బయలుదేరేముందు షెడ్డులో ఇసుక గొట్టాలు ఊది చూసే ఆనవాయితీ ఉన్నది. ఆనాడు కూడా చూశారు, ఇసుక పడింది. ఆ మాట ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళు మా ఇంటికి వచ్చి చెప్పగా నేను విన్నదే. పోసింది తడి ఇసుకే అయితే అక్కడే, షెడ్డులోనే, కమాను కట్టుకుని ఉండేది. మేకుతో పొడిచినా వచ్చేది కాదు. నేను ఈ డబ్బా ఇసుకలో ఒక్క చెంచా నీళ్ళు కలిపి పెన్సిలు చిల్లుతో ఎన్నిసార్లు చూసినా ఒక్క గ్లాసు నిండలేదు. షెడ్డులో పడిన ఇసుక ఘాటులో పడలేదంటే ఆ రెంటి మధ్య పెట్టెలోకి నీరు చేరింది. ఆ రెంటి మధ్య రాత్రంతా వాన కురిసింది.

ఇది రుజువు కాదని నాకు తెలుసు. ఆఫీసు ఫైళ్ళు చూసేవాణ్ణి, ఏది రుజువో ఏది కాదో కొంత తెలుసు. దీన్ని కాగితంమీద పెట్టి పంపటానికి ఇప్పుడు ఎవరూ లేరు. పంపినా చదువుకోవటానికి ఆయన లేరు. మా అమ్మకు చెప్పాను. ఆమె "నాకు ఆనాడే తెలుసు" అన్నది. అమ్మ ఈ సభలోనే వెనుక వరుసలో ఉన్నది.

డబ్బాలు రెండూ భోజనాలయ్యేదాకా ఇక్కడే ఉంచుతాను. పిల్లలు ఒక్కొక్కరుగా వచ్చి చూడవచ్చు. ఇసుకను పిడికిట పట్టి జానెడు ఎత్తునుంచి మాత్రమే వదలండి. చేయి తడిగా ఉంటే ముందు తువ్వాలుతో తుడుచుకోండి. కింద పడినదాన్ని మళ్ళీ డబ్బాలోనే పోయండి, ఈ హాలు ఊడ్చేది రేపు పొద్దున్న నేనే.